సూది మందు దిగిపోయే గంట ఏదో ముందే అడగండి

ఖమ్మం జిల్లా నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయవద్దన్నారు. అందులోని విషయం క్లుప్తంగా ఇది.

వాళ్లది వ్యవసాయ కుటుంబం. నాన్నగారికి 63 ఏళ్లు. నాలుగు నెలల కిందట హైదరాబాద్‌లో బైపాస్ ఆపరేషన్ జరిగింది. ముందురోజు మత్తు డాక్టరు వచ్చి, "ఛాతీ నరాలకు బ్లాక్ ఇంజెక్షన్ ఇస్తాం, నొప్పి పెద్దగా తెలియదు" అని చెప్పారట. చెప్పినట్టే ఆపరేషన్ రోజు సాయంత్రం స్పృహ వచ్చాక ఆయన ప్రశాంతంగా ఉన్నారు. కూతురు లోపలికి వెళ్తే చెయ్యి ఊపారు. ఆ రాత్రి రెండు గంటల ప్రాంతంలో నొప్పి ఒక్కసారిగా మీద పడింది. ఉదయం ఈమె వెళ్లేసరికి దగ్గమంటే దగ్గరు, ఊపిరి పైపైనే పీలుస్తున్నారు. ఎక్కడ నొప్పి అంటే కోత కంటే ఎక్కువగా కింద రక్తం, నీరు బయటికి పోయేందుకు డ్రెయిన్ పైపులు పెట్టిన చోటే చూపించారు. మూడో రోజుకు జ్వరం, ఊపిరితిత్తుల్లో నిమ్ము. రెండు మూడు రోజుల్లో వార్డుకు రావాల్సిన మనిషి తొమ్మిది రోజులు ఐసీయూలోనే ఉండిపోయారు. ఇప్పటికీ ఎడమ ఛాతీ మొద్దుబారినట్టు ఉంటుంది, చొక్కా తగిలితే మంట. మెడికల్ షాపు నుంచి డైక్లోఫెనాక్ మాత్రలు తెచ్చుకుని వేసుకుంటున్నారు. "కాస్త ఓర్చుకో నాన్నా అని ఆ రోజంతా చెప్పాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు" అని రాశారు.

ఇప్పుడు అమ్మ వంతు. 54 ఏళ్లు, 48 కిలోల బరువు, షుగర్ ఉంది. చిన్నప్పుడు వచ్చిన కీళ్ల జ్వరం వల్ల మైట్రల్ వాల్వ్ బిగుసుకుపోయింది, లీకు కూడా ఉంది. బెలూన్‌తో సరిపోదు, వాల్వ్ మార్చాల్సిందే అన్నారు. గుండె లయ తప్పుతున్నందున రక్తం గడ్డకట్టకుండా అసిట్రోమ్ మాత్ర వాడుతున్నారు. ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్‌కు అంతా సిద్ధమైంది. కానీ అమ్మ ససేమిరా అంటున్నారు. "మీ నాన్న పడ్డ బాధ చూశాను. ఉన్నన్నాళ్లు ఉంటాను, నన్ను కోయించకండి" అన్నది ఆమె మాట. న్యూజెర్సీలో ఉన్న అన్నయ్య రోజూ ఫోన్ చేసి, "ఇక్కడ మూడు రోజులు పనిచేసే మందు ఉంది, లేదా మందు ఆగకుండా పంపే క్యాథెటర్ పెట్టమను, వాళ్లు కాదంటే ఆ ఆసుపత్రే వద్దు" అంటున్నారు. బాబాయి మాత్రం "ఉచితంగా చేయించుకుంటూ డాక్టర్లను ప్రశ్నలడిగితే ఏమనుకుంటారు" అని ఆపుతున్నారు. నాన్నకు బ్లాక్ ఫెయిలైందా? అమ్మకు అది వద్దనాలా, ఇంకా మంచిది అడగాలా? నొప్పి ఉండదని చెప్పి అమ్మను ఒప్పిస్తే తప్పా? ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా, ముందు ఆ "ఓర్చుకో నాన్నా" అన్న మాట గురించి. నేను మత్తు డాక్టరుని, గుండె ఆపరేషన్ థియేటర్లో చాలా ఏళ్లు పనిచేశాను. ఐసీయూ తలుపు దగ్గర నిలబడ్డ ప్రతి కూతురూ, ప్రతి కొడుకూ అనే మాటే అది. ఆ నొప్పికి ఇంకా వైద్యం మిగిలి ఉందని మీకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే మీరు నర్సును అడిగేవారు. తెలియనిదానికి తప్పు మోయకండి.

ఇక నాన్నగారి సంగతి. మీరు రాసిన గంటలు చూస్తే బ్లాక్ ఫెయిలైనట్టు నాకు అనిపించడం లేదు. అది పనిచేసింది, దాని సమయం అయిపోయింది, ఆ సమయానికి దాని చోటు తీసుకోవాల్సిన మందులు సిద్ధంగా లేవు. ఎందుకలా అంటున్నానో వివరంగా చెప్తాను, ఎందుకంటే అమ్మ విషయంలో చేయాల్సింది కూడా అందులోనే ఉంది.

గుండెను చేరడానికి ఛాతీ మధ్యలో ఉండే రొమ్ము ఎముకను నిలువునా రంపంతో కోస్తారు. పని అయ్యాక స్టీలు తీగలతో కట్టేస్తారు. ఆ ఎముకకు నొప్పి తెలిపే నరాలు వెన్నుపూస దగ్గర బయల్దేరి ఒక్కో పక్కటెముక కిందుగా ముందుకు వచ్చి ఎముక అంచున ముగుస్తాయి. ముఖ్యంగా రెండు నుంచి ఆరో నరం దాకా. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ ఎముకకు రెండు వైపులా కండరాల పొరల మధ్య బుపివకైన్ గానీ రోపివకైన్ గానీ, ఇవి తిమ్మిరెక్కించే మందులు, నింపితే ఆ నరాలు కొన్ని గంటలు మూగబోతాయి. దీన్ని పారాస్టెర్నల్ బ్లాక్ అంటారు. ఒక్కసారి ఇచ్చిన మందు సుమారు 8 నుంచి 12 గంటలు బాగా పనిచేస్తుంది, కొందరిలో ఇంకాస్త ఎక్కువ. ఇప్పుడు లెక్క వేయండి. ఉదయం కోతకు ముందే బ్లాక్ ఇస్తే ఆపరేషన్‌కు నాలుగైదు గంటలు, తర్వాత వెంటిలేటర్ మీద కొన్ని గంటలు పోతాయి. మనిషి కళ్లు తెరిచేసరికి మందు సగానికి పైగా ఖర్చయిపోతుంది. ప్రశాంతంగా చెయ్యి ఊపిన ఆ సాయంత్రం దాని చివరి భాగం. రాత్రి రెండింటికి అది పూర్తిగా దిగిపోయింది.

మందు మెల్లగా తగ్గితే నొప్పి మెల్లగా పెరుగుతుందని అందరూ అనుకుంటారు. చాలామందిలో అలా జరగదు. అప్పటిదాకా ఏమీ తెలియని శరీరానికి నొప్పి మొత్తం ఒక్కసారిగా తెలుస్తుంది. దానికి విరుగుడు ఒకటే, నరాలు మేలుకోకముందే మిగతా మందులు ఒంట్లో పనిచేస్తూ ఉండాలి. సాగర్ కాల్వకు నీళ్లు ఎప్పుడు ఆపేస్తారో తెలిసిన రైతు అంతకుముందే మడి తడిపి పెట్టుకుంటాడు కదా. రోగి హాయిగా ఉన్నాడు కదా అని రాత్రి పారాసెటమాల్ డోసు వాయిదా వేయడం, "నొప్పి అంటే ఇద్దాం" అని వదిలేయడం నేను చాలా చోట్ల చూశాను. చూసిన ప్రతిసారీ బాధ కలుగుతుంది, ఎందుకంటే ఇది మనుషులు తప్పించగలిగిన నొప్పి.

డ్రెయిన్ పైపుల నొప్పి వేరే సంగతి. అవి రొమ్ము ఎముక కింద, కడుపు పైభాగంలో బయటికి వస్తాయి. అక్కడి నరాలు పారాస్టెర్నల్ బ్లాక్ పరిధిలో లేవు. ఎంత చక్కగా ఇచ్చినా ఆ చోటు మిగిలిపోతుంది. మీ నాన్నగారు వేలు పెట్టి సరిగ్గా చూపించారు. కావాలంటే పొట్ట ముందు కండరం పొరలో, రెక్టస్ షీత్ అంటాం, ఇంకో చిన్న బ్లాక్ కలిపి ఇవ్వవచ్చు. లేదా పైపు గుచ్చిన చోట మందు వేయవచ్చు. పైపులు తీసేటప్పుడు కూడా గట్టిగా నొప్పి వస్తుంది. తీయడానికి అరగంట ముందు నొప్పి మందు ఇవ్వమని అడగడం ఎవరైనా చేయగల పని.

అమ్మకు బ్లాక్ వద్దని చెప్పవద్దు అనే నా సలహా. కానీ నిర్ణయం మీది, ఆపరేషన్ చేసే బృందానిది. అందుకని ఏది ఎంచుకుంటే ఏమవుతుందో చెప్తాను.

అసలు బ్లాక్ లేకుండా కూడా ఈ ఆపరేషన్లు దశాబ్దాలుగా జరిగాయి. మార్ఫిన్, ఫెంటానిల్ లాంటి మందులతో నొప్పి తగ్గుతుంది. కాకపోతే డోసు పెరిగేకొద్దీ మగత, వాంతులు, మలబద్ధకం పెరుగుతాయి. వాంతి వచ్చిన ప్రతిసారీ కోసిన ఎముక కదిలి నొప్పి. మగతలో ఉన్న మనిషి గట్టిగా దగ్గలేరు, తెమడ లోపలే ఉండిపోతుంది, నిమ్ము చేరేది అలాగే. ఈ మందులు తగ్గించి, రకరకాల దారుల్లో నొప్పిని అదుపు చేయాలని 2019లో గుండె ఆపరేషన్ల కోసం వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా చెప్పాయి. అలాగని మార్ఫిన్ పేరు వింటేనే భయపడకండి. ఆసుపత్రిలో రెండు మూడు రోజులు కొలిచి ఇస్తే అలవాటు పడిపోతారేమోనన్న బెంగ అక్కర్లేదు. బ్లాక్ దిగిపోయే రాత్రి చిన్న డోసు అమ్మకు అవసరం కావచ్చు, అది ఓటమి కాదు.

పారాస్టెర్నల్ బ్లాక్ ఎంచుకుంటే అందులో పైపొర, లోపొర అని రెండు పద్ధతులున్నాయి. లోపొర పక్కనే ఛాతీ లోపలి రక్తనాళం, ఊపిరితిత్తి పొర ఉంటాయి. అమ్మ అసిట్రోమ్ మీద ఉన్నారు. ఆపరేషన్‌కు కొన్ని రోజుల ముందు అది ఆపిస్తారు, అయినా గుండె పనిని మిషన్ చూసుకునేటప్పుడు రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఎక్కువ మోతాదులో ఇస్తారు. లోతైన చోట రక్తనాళానికి సూది తగిలితే ఒత్తి ఆపడం కష్టం. పైపొరలో ఆ ప్రమాదం తక్కువ. వెన్నులో పెట్టే ఎపిడ్యూరల్ నొప్పిని ఎంతో బాగా తగ్గిస్తుంది, నిజమే, కానీ ఇలాంటి వాళ్లలో అక్కడ రక్తం గూడుకట్టి వెన్నుపాము మీద ఒత్తిడి పడితే కాళ్లు పడిపోయే ప్రమాదం ఉంది. మీ అమ్మగారికి అది వద్దనే అంటాను.

వీపు వైపు నుంచి ఇచ్చే ఎరెక్టార్ స్పైనే బ్లాక్ ఇంకొకటి. 2016లో మొదటిసారి వర్ణించారు, చాలా త్వరగా ప్రచారంలోకి వచ్చింది. ఎక్కువ మేర కవర్ చేయగలదు, అక్కడ సన్నని గొట్టం, అంటే క్యాథెటర్, పెట్టి రెండు మూడు రోజులు మందు పంపవచ్చు. అయితే మందు ముందువైపు రొమ్ము ఎముక దాకా పాకడం అందరిలో ఒకేలా ఉండదు. ఒకరికి అద్భుతంగా పనిచేసింది ఇంకొకరికి సగమే పనిచేయవచ్చు.

ఇక మీ అన్నయ్య అడిగే క్యాథెటర్. ఒకే సూది పరిమితిని అది దాటగలదు, కాబట్టి ఆయన ఆలోచనలో తప్పు లేదు. కానీ రెండు వైపులా రెండు గొట్టాలు కావాలి. అవి జారిపోవచ్చు, కారవచ్చు, షుగర్ ఉన్న మనిషిలో ఇన్ఫెక్షన్ కోసం ఇంకా జాగ్రత్తగా చూడాలి. గంట గంటకూ చూసే అలవాటున్న ఐసీయూ అయితేనే దాని లాభం దక్కుతుంది. అలవాటు లేని చోట బలవంతంగా పెట్టించిన క్యాథెటర్ కంటే రోజూ చేసే చేతులు ఇచ్చిన ఒక్క సూది మేలు. మూడు రోజుల మందు అని ఆయన చెప్పేది లైపోసోమల్ బుపివకైన్ అయి ఉంటుంది. అమెరికాలో 2011లో అనుమతి వచ్చింది. నరాల బ్లాకుల్లో మామూలు బుపివకైన్ కంటే రోగికి తెలిసేంత తేడా లేదని 2021లో వెలువడిన సమీక్షలు తేల్చాయి. దాని కోసం ఆసుపత్రి మార్చాల్సిన అవసరం నాకు కనబడదు. ఈ మాట ఆయనకు నా మాటగానే చెప్పండి.

"మరి ఉన్న మందే ఎక్కువ ఇవ్వొచ్చు కదా" అనిపిస్తుంది. కుదరదు. ఈ మందులకు బరువును బట్టి హద్దు ఉంటుంది. రోపివకైన్‌కు సాధారణంగా కిలోకు 3 మిల్లీగ్రాములు, అంటే అమ్మకు రెండు వైపులా కలిపి 144 మిల్లీగ్రాములు. దాటితే మూర్ఛ, గుండె లయలో ప్రమాదకరమైన మార్పులు రావచ్చు. మత్తులో ఉన్న మనిషి పెదాలు తిమ్మిరెక్కాయనీ, చెవుల్లో హోరు ఉందనీ చెప్పలేరు కదా. అందుకే లిపిడ్ ఎమల్షన్ అనే విరుగుడు మందు దగ్గర పెట్టుకునే బ్లాక్ ఇస్తారు. పారాసెటమాల్ కూడా అంతే. రక్తనాళంలోకి ఎక్కించేటప్పుడు 50 కిలోల లోపు వారికి కిలోకు 15 మిల్లీగ్రాముల లెక్క, అందరికీ ఇచ్చే ఒక గ్రాము కాదు. అడ్మిట్ అయ్యే రోజు అమ్మ బరువు మళ్లీ తూయించి కేసు షీటులో రాయించండి.

మందు పెంచకుండా సమయం పెంచే దారులు రెండున్నాయి. ఒకటి, బ్లాక్ కోతకు ముందు కాకుండా ఆపరేషన్ ముగింపులో, థియేటర్ వదిలే ముందు ఇవ్వడం. అప్పుడు ఆ గంటల్లో ఎక్కువ భాగం అమ్మ మెలకువగా ఉన్నప్పుడు పనికొస్తాయి. ముందే ఇస్తే ఆపరేషన్ సమయంలో మార్ఫిన్ లాంటివి తక్కువ పడతాయి, కాబట్టి ముందు ఇచ్చేవారి లెక్కలోనూ న్యాయం ఉంది. అమ్మ భయమంతా మేలుకున్నాక వచ్చే నొప్పి గురించే కనుక నేనైతే చివర ఇవ్వడం వైపు మొగ్గుతాను. రెండోది, డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్ మందు కొద్దిగా కలపడం. కొన్ని గంటలు అదనంగా వస్తాయి, కానీ షుగర్ పెరుగుతుంది. అమ్మకు అది ఇవ్వాలా వద్దా అనేది ఆ రోజు షుగర్ చూసి వాళ్లే తేల్చాలి. అవసరమైతే రెండో రోజు బ్లాక్ మళ్లీ ఇవ్వవచ్చు కూడా. అల్ట్రాసౌండ్ తెలిసిన మత్తు డాక్టరు ఆ రోజు దొరకకపోతే, ఎముక మూసే ముందు సర్జనే కంటితో చూస్తూ పక్కటెముకల మధ్య మందు వేసే పద్ధతి ఉంది.

ఇవన్నీ చదివి పెద్ద ఆశలు కూడా పెట్టుకోకండి. బ్లాక్ మేలు ఎక్కువగా మొదటి రోజుదే. నెలల తర్వాత మిగిలే నొప్పిని అది ఆపుతుందని గట్టిగా చెప్పలేం.

బాబాయిగారి మాటకు వస్తాను. ఆరోగ్యశ్రీలో చేయించుకునే మనిషికీ, డబ్బు కట్టే మనిషికీ నరాలు ఒకటే. బుపివకైన్, పారాసెటమాల్ ప్రతి థియేటర్లో ఉండే మామూలు మందులు. ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు ఫిట్‌నెస్ చూస్తారు కదా, ప్రశ్నలకు అదే సమయం. "బ్లాక్ ఇస్తారా, ఎప్పుడిస్తారు? అది ఎన్ని గంటలకు దిగిపోతుంది? దిగిపోయే ముందు ఏ మందు మొదలుపెడతారు? రాత్రి నొప్పి వస్తే ఎవరిని పిలవాలి?" ఈ నాలుగూ మర్యాదగా అడిగితే విసుక్కునేవారు తక్కువ. నాన్నకు జరిగింది కూడా చెప్పండి, ఫిర్యాదుగా కాదు, సమాచారంగా. నాకైతే అలాంటి కుటుంబం చెప్పే మాట చాలా పనికొస్తుంది. ప్యాకేజీలో ఏం వస్తుందో సందేహం ఉంటే కౌంటర్ దగ్గరి ఆరోగ్యమిత్రను అడగండి. అన్నయ్యను ఆ ఫిట్‌నెస్ రోజు ఒక్క పది నిమిషాలు ఫోన్లో కూర్చోబెట్టండి. దూరాన ఉన్న కొడుకు కోపం వెనుక ఉన్నది భయమే. ఒక పని చేతిలో పెడితే అది కొంత తగ్గుతుంది, మీ మీద భారమూ తగ్గుతుంది.

అమ్మతో ఏం చెప్పాలన్నదే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపిన ప్రశ్న. నొప్పి ఉండదని చెప్తే బహుశా ఒప్పుకుంటారు. కానీ బ్లాక్ దిగిపోయిన రాత్రి ఆ మాట అబద్ధమని తేలుతుంది, ఆ తర్వాత దగ్గమన్నా, లేచి కూర్చోమన్నా మిమ్మల్ని నమ్మరు. నాన్నగారికి జరిగింది అదే. ఏమీ చెప్పకుండా సంతకం పెట్టించడం దానికంటే తప్పు. ఉన్నదున్నట్టు చెప్పడం ఇంకో దారి. "నొప్పి ఉంటుందమ్మా. మొదటి రోజు తక్కువ, రెండో రోజు పెరుగుతుంది, దానికి ముందే మందు వేస్తారు, మూడు నాలుగు రోజులకు దిగుతుంది." ఇలా చెప్తే ఇప్పుడే ఒప్పుకోకపోవచ్చు, రెండు రోజులు అలిగి కూర్చోవచ్చు. ఆ సమయం ఇవ్వండి. ఆపరేషన్ చేయించుకోకపోతే ఏమవుతుందో కూడా కార్డియాలజిస్టు నోట ఆమెనే విననివ్వండి. ఆయాసం పెరగడం, గుండెలో గడ్డకట్టిన రక్తం మెదడుకు వెళ్లి పక్షవాతం రావడం లాంటివి దాచి ఒప్పించడం కంటే తెలిసి ఆమె కాదనడమే మేలు. ఆమె ఒళ్లు, ఆమె మాట. ఇంకో సంగతి, నాన్నగారినే ఆమెతో మాట్లాడమనండి. ఆ రాత్రి గురించి ఆయన ఇంట్లో ఎవరితోనూ మాట్లాడి ఉండరని నా అనుమానం.

ఐసీయూలో మీరు పక్కన ఉండరు, నర్సుకు తెలుగు సరిగా రాకపోవచ్చు. మీ అమ్మగారు ఎవరడిగినా "పర్లేదు" అనే మనిషైతే ఆ మాటే ఆమెకు శత్రువు. నొప్పికి పదికి ఎన్ని మార్కులు అని అడిగే లెక్క మన పెద్దవాళ్లకు కుదరదు. లేదు, కొంచెం, చాలా, ఓర్చుకోలేను అని నాలుగు మాటలు ఒక అట్ట మీద రాసి, వేలుతో చూపించడం ఇంట్లోనే అలవాటు చేయండి. కదలకుండా పడుకున్నప్పుడు కాదు, దగ్గినప్పుడు ఎంత ఉందో చూపించాలి. దగ్గే ముందు చిన్న దిండు ఛాతీకి గట్టిగా హత్తుకోవడం, చేతులు ఊనకుండా పక్కకు తిరిగి లేవడం ఇప్పుడే నేర్పిస్తే అక్కడ కొత్తగా ఉండదు.

నాన్నగారి డైక్లోఫెనాక్ మాత్రం ఆలస్యం చేయకుండా ఆపించండి. ఆ రకం మందులు బైపాస్ అయినవారికి గుండెకు, మూత్రపిండాలకు ప్రమాదం, ఆస్పిరిన్‌తో కలిస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు. ఆస్పిరిన్ మాత్రం సొంతంగా ఆపకూడదు. ఎడమ ఛాతీ మొద్దు, చొక్కా తగిలితే మంట అనేవి నరం నొప్పి లక్షణాలు. బైపాస్ కోసం ఎడమ ఛాతీ లోపలి రక్తనాళం తీసుకున్నవారిలో ఇది చాలా మామూలు. దానికి వేరే మందులున్నాయి, సర్జన్‌కు గానీ నొప్పుల క్లినిక్‌లో గానీ చూపించండి. ఎముక టక్కుమని కదులుతున్నట్టున్నా, గాయం చీము పట్టినా, పాత గుండెనొప్పి లాంటిది వచ్చినా అది నరం నొప్పి అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రేపు అమ్మ ఇంటికి వచ్చాక కూడా ఆ మాత్రలు ఆమెకు అందకుండా చూడండి. అసిట్రోమ్‌తో అవి ఇంకా ప్రమాదం. పారాసెటమాల్ కూడా రోజుల తరబడి వాడితే ఐఎన్ఆర్, అంటే రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష అంకె, పెరగవచ్చు, ట్రమడాల్ అనే నొప్పి మాత్ర కూడా అంతే. కాబట్టి ఏ నొప్పి మాత్ర రాసినా ఐఎన్ఆర్ మళ్లీ ఎప్పుడు చూడాలో ఆ చీటీ మీదే రాయించుకోండి.

ఫిట్‌నెస్ రోజు వాళ్లు ఏం చెప్పారో, అమ్మ ఏమన్నారో మళ్లీ రాయండి. ఆ ఉత్తరం కోసం ఎదురుచూస్తుంటాను.